సెల్ఫ్ నొక్కితే ‘టక్’: రెండు బ్యాటరీలు మింగిన ఒక ఎర్త్ వైరు

“రెండు బ్యాటరీలు మార్చాం, ఆర్‌ఆర్ యూనిట్ కూడా మార్చాం. అయినా సెల్ఫ్ ఒకరోజు పడుతుంది, ఒకరోజు పడదు. ఇప్పుడు వైరింగ్ కిట్ మొత్తం మార్చాలంటున్నారు. మార్చమంటావా అబ్బాయ్?”

భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసే ఒక పెద్దాయన నాకు ఫోన్ చేసి అడిగిన మాట ఇది. ఆర్‌ఆర్ యూనిట్ అంటే రెగ్యులేటర్ రెక్టిఫైయర్, బ్యాటరీకి చార్జింగ్ సరిచేసి పంపే డబ్బా. వైరింగ్ కిట్ అంటే బండి మొత్తానికీ పోయే వైర్ల కట్ట. నేను టూవీలర్ల వైరింగ్ పని చేస్తాను. ఇలాంటి ఫోన్లు నాకు తరచూ వస్తుంటాయి. “ఏమీ మార్చొద్దు బాబాయ్, నేను వచ్చి చూస్తాను” అని చెప్పి, బండిని ఆయన ఇంటి దగ్గరే చూశాను. వాడిన సామాను పెద్దగా ఏమీ లేదు. మామూలు డిజిటల్ మల్టీమీటర్, నాలుగు స్పానర్లు, ఒక స్క్రూడ్రైవర్, ఒక జత జంపర్ కేబుళ్ళు, చిన్న బ్యాటరీ చార్జర్. పదో తరగతి చదువుతున్న ఆయన మనవడు పక్కనే ఉండి సెల్ఫ్ బటన్ నొక్కాడు.

ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి ఒక కారణం ఉంది. బండిలో కనిపించినవి మూడు కంప్లయింట్లు. మూడూ ఒకే వైరు చివర నుంచి వస్తున్నాయి. ఆ వైరును అంతకు ముందే ఒకరు మీటర్ పెట్టి చూసి, బాగుందని వదిలేశారు. మీటర్ అబద్ధం చెప్పలేదు, కానీ దాన్ని అడిగిన ప్రశ్న ఆ జబ్బుకు సరిపోయేది కాదు. ఇంట్లో మల్టీమీటర్ ఉన్నవాళ్ళు ముఖ్యంగా తెలుసుకోవాల్సిన సంగతి అదే అని నా నమ్మకం.

బండి, దాని కథ

150 సీసీ బండి, కార్బురేటర్ ఇంజన్, సెల్ఫూ కిక్కూ రెండూ ఉన్నాయి. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ హెడ్‌లైట్ వెలిగే ఉండాలన్న నిబంధన 2017 ఏప్రిల్ నుంచి వచ్చింది కదా, ఇది అంతకు ముందు మోడల్, హెడ్‌లైట్‌కు స్విచ్ ఉంది. బ్యాటరీ 12 వోల్టులు, 9 ఆంపియర్ అవర్లు, సీల్డ్ రకం. ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే మ్యాగ్నెట్ కాయిల్ నుంచి మూడు పసుపు వైర్లు ఆర్‌ఆర్ యూనిట్‌కు వస్తాయి. అక్కడ ఏసీ కాస్తా డీసీ అయి, బ్యాటరీకీ లైట్లకీ అన్నిటికీ పోతుంది. బ్యాటరీ నెగెటివ్ నుంచి ఒక లావు నల్ల వైరు ఇంజన్ బోల్టుకు వెళ్తుంది, ఎర్త్ వైరు అంటే ఇదే. వైరింగ్ కిట్ ఎర్త్ రింగు కూడా అదే బోల్టు కింద ఉంది. ఈ చివరి రెండు వాక్యాలు గుర్తుపెట్టుకోండి, కథ మొత్తం అక్కడే ఉంది.

బండి తిరిగేది ఇంటికీ చెరువులకీ మధ్యే. రెండు మూడు కిలోమీటర్లు వెళ్ళడం, ఆపడం, ఏరియేటర్లు చూసుకోవడం, ఇంకో గట్టుకు పోవడం. వెనకాల వనామీ రొయ్యల మేత బస్తా ఉంటుంది. సాయంత్రం బండి బురద కొట్టుకుపోయి ఉంటుంది కాబట్టి చెరువు గట్టు మీద మోటారు నీళ్ళతోనే కడిగేస్తారు. ఆ నీళ్ళు ఉప్పునీళ్ళు. ఆయన ఇది మామూలుగా చెప్పేశారు, నేను మాత్రం వెంటనే రాసుకున్నాను. 

కంప్లయింట్లు ఆయన చెప్పినట్టే రాస్తున్నాను. ఒకటి, సెల్ఫ్ నొక్కితే కొన్నిసార్లు ‘టక్’మని ఒకే ఒక్క చప్పుడు వచ్చి ఆగిపోతుంది. కిక్ కొడితే మాత్రం వెంటనే స్టార్ట్ అవుతుంది. రెండు, రాత్రిపూట బండి ఐడిల్‌లో ఉన్నప్పుడు హారన్ కొడితే హెడ్‌లైట్ మసకబారుతుంది, రేస్ ఇస్తే మళ్ళీ బాగవుతుంది. మూడు, కొత్త బ్యాటరీ వేసిన కొన్ని నెలలకే నీరసపడిపోతోంది. 

బ్యాటరీ పోతోంది కాబట్టి బ్యాటరీ మార్చారు. మళ్ళీ పోయింది కాబట్టి చార్జింగ్ లేదనుకుని ఆర్‌ఆర్ యూనిట్ మార్చారు. అదీ కుదరలేదు కాబట్టి ఇప్పుడు వైరింగ్ కిట్ దాకా వచ్చారు. ఒక్కో మెట్టు దగ్గర ఆలోచన సబబుగానే కనిపిస్తుంది. కొరవడింది కొలత ఒక్కటే.

చేత్తో ముట్టుకునే ముందు

‘టక్’ శబ్దంలోనే సగం సమాచారం ఉంటుంది. బ్యాటరీ నిజంగా ఖాళీ అయితే సాధారణంగా ‘టకటకటక’మని ఆగకుండా కొట్టుకుంటుంది. స్టార్టర్ రిలే (బటన్ నొక్కగానే మోటారుకు పెద్ద కరెంటు వదిలే స్విచ్) పట్టుకోగానే వోల్టేజీ కుప్పకూలుతుంది, రిలే వదిలేస్తుంది, వదలగానే వోల్టేజీ లేస్తుంది, మళ్ళీ పట్టుకుంటుంది. ఒకే ఒక్క ‘టక్’ వచ్చి నిశ్శబ్దం అయితే, రిలే పట్టుకునే ఉంది, మోటారుకు మాత్రం సరిపడా కరెంటు అందడం లేదన్నమాట. అప్పుడు అనుమానించాల్సినవి దారిలోని లావు వైర్లు, వాటి బిగింపులు, రిలే లోపలి కాంటాక్టులు, మోటారు బ్రష్‌లు. ఇది నూటికి నూరుపాళ్ళు నిజమయ్యే సూత్రం కాదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పడానికి మాత్రం చాలు.

రెండో ఆలోచన ఇంకా ముఖ్యం. సెల్ఫ్, ఐడిల్‌లో లైట్లు, చార్జింగ్, ఈ మూడిటికీ ఉమ్మడిగా ఉన్న దారి ఏది? సెల్ఫ్ కరెంటు మెయిన్ ఫ్యూజ్ గుండా పోదు, కాబట్టి ఫ్యూజ్ కాదు. లైట్ల కరెంటు స్టార్టర్ రిలే కాంటాక్టుల గుండా పోదు, కాబట్టి రిలే కాదు. ఇగ్నిషన్ స్విచ్ కూడా మూడిటికీ కలవదు. మూడూ కలిసేవి రెండే చోట్లు: బ్యాటరీ, దాని రెండు టెర్మినళ్ళకు బిగించిన లావు వైర్లు. బ్యాటరీని రెండుసార్లు మార్చేశారు. ఇక మిగిలింది ఏమిటో కాగితం మీదే తెలిసిపోతోంది. 

గోదావరి డెల్టాలో వ్యవసాయం తెలిసినవాళ్ళకు ఇది చెప్పడం తేలిక. కాలువ నిండా నీళ్ళున్నా తూము దగ్గర చెత్త అడ్డం పడితే శివారు పొలానికి నీళ్ళు అందవు. పెద్దాయనకు ఈ మాట చెప్పగానే, “అయితే కాలువలో నీళ్ళు లేవని మనం రెండుసార్లు నీళ్ళు పోశామా!” అన్నారు.

ముందు బ్యాటరీ

అనుమానం ఎటున్నా బ్యాటరీ నుంచే మొదలుపెట్టాలి. అర్ధాకలి బ్యాటరీతో తీసుకున్న ఏ రీడింగూ నమ్మదగ్గది కాదు. బండి మీద ఉన్న రెండో బ్యాటరీ ఉదయం 12.1 వోల్టులు చూపించింది. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి, ఒక్కోటి సుమారు 2.1 వోల్టులు. పూర్తి చార్జ్‌లో, కాసేపు కదపకుండా ఉంచాక 12.6 నుంచి 12.8 దాకా ఉండాలి. 12.2 అంటే ఇంచుమించు సగం ఖాళీ. 12 కిందకు వచ్చిందంటే దాదాపు అయిపోయినట్టే.

దాన్ని విప్పి విడిగా చార్జ్ పెట్టాం. విప్పేటప్పుడు నెగెటివ్ ముందు, బిగించేటప్పుడు నెగెటివ్ చివర. పాజిటివ్ విప్పుతుంటే స్పానర్ ఫ్రేముకు తగిలినా నెగెటివ్ అప్పటికే ఊడి ఉంటే మెరుపు రాదు, అంతే కారణం. చార్జింగ్ కరెంటు బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతు, అంటే ఇక్కడ 0.9 ఆంపియర్లు. కారు బ్యాటరీల చార్జర్ తెచ్చి దీనికి తగిలించకండి, సీల్డ్ బ్యాటరీ ఉబ్బిపోతుంది. చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది కాబట్టి గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా పెట్టాలి. 

చార్జ్ అయ్యాక కొన్ని గంటలు ఊరికే ఉంచి చూస్తే 12.7 వోల్టులు నిలబడింది. బ్యాటరీ చావలేదు, కడుపు నిండలేదంతే.

బీప్ టెస్ట్ ఎందుకు మోసం చేస్తుంది

ఎర్త్ వైరును ఇంతకు ముందు ఎలా చూశారని అడిగాను. మీటర్‌ను బీప్ మీద పెట్టి, వైరు ఒక కొసన ఒకటి, రెండో కొసన ఒకటి ముట్టించారట. బీప్ వచ్చిందట. మన ఊళ్ళలో వైరు టెస్ట్ అంటే దాదాపు అందరూ చేసేది ఇదే.

మామూలు మీటర్లలో బీప్ ఎప్పుడు వస్తుంది? దారిలో అడ్డు కొన్ని పదుల ఓమ్‌ల లోపు ఉంటే చాలు, మోగుతుంది. లావు వైరులో వందకు పైగా పోగులుండి, వాటిలో ఒక్క పోగు మిగిలినా మోగుతుంది. ఆ టెస్టులో మీటర్ పంపే కరెంటు మిల్లీ ఆంపియర్లలో ఉంటుంది. సెల్ఫ్ మోటారు అడిగేది పదుల ఆంపియర్లు. 

పోనీ ఓమ్‌లలో కొలుద్దామా అంటే అదీ కుదరదు. ఈ బండిలో చివరకు దొరికిన అడ్డు సుమారు పావు ఓమ్. చవక మీటర్ల ప్రోబ్ వైర్లకే అంత అడ్డు ఉంటుంది. రెండు ప్రోబ్‌లనూ ఒకదానికొకటి ముట్టించి చూడండి, చాలా మీటర్లు 0.2, 0.3 అని చూపిస్తాయి. అంటే జబ్బు, మీటర్ సొంత లోపం రెండూ ఒకే సైజులో ఉన్నాయి. అలాంటప్పుడు ఓమ్‌లలో ఆ జబ్బును పట్టుకోవడం కష్టం.

అదే పావు ఓమ్ గుండా 35 ఆంపియర్లు పోతే? 35ను 0.25తో హెచ్చవేయండి, 8 వోల్టులు దాటుతుంది. 12 వోల్టుల బండిలో 8 వోల్టులు కనపడకుండా ఎక్కడికీ పోవు. అందుకే వైరును అది పని చేస్తుండగా, కరెంటు పారుతుండగా కొలవాలి. దీన్నే వోల్టేజ్ డ్రాప్ టెస్ట్ అంటారు. బండి వైరింగ్ పనిలో నాకు ఒక్క టెస్టే ఉంచుకోమంటే నేను దీన్నే ఉంచుకుంటాను.

కొలతలు

బండి న్యూట్రల్‌లో పెట్టి, మీటర్‌ను డీసీ 20 వోల్టుల మీద ఉంచాం. మొదట ఎర్ర ప్రోబ్ బ్యాటరీ పాజిటివ్ మీద, నల్ల ప్రోబ్ నెగెటివ్ మీద. అబ్బాయి సెల్ఫ్ నొక్కాడు. ‘టక్’. మీటర్ మీద 12.1.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. సెల్ఫ్ నొక్కినప్పుడు బ్యాటరీ వోల్టేజీ 9.6 కిందకు పడిపోతే బ్యాటరీ బలహీనం అని లెక్క. ఇక్కడ 12.1 దగ్గర నిలబడింది. అంటే బ్యాటరీ మీద పడాల్సినంత బరువు పడలేదు. మోటారు అడుగుతోంది, అడిగినంతా బ్యాటరీ దాకా రావడం లేదు. ఈ ఒక్క రీడింగ్ ఏడాది కిందట తీసుకుని ఉంటే రెండో బ్యాటరీ కొనే అవసరం ఉండేది కాదు.

తర్వాత ఎర్త్ వైపు. ఒక ప్రోబ్ బ్యాటరీ నెగెటివ్ సీసపు పోస్టు మీదే పెట్టాలి, దానికి బిగించిన క్లిప్పు మీద కాదు. రెండోది ఇంజన్ మీద పెయింట్ లేని శుభ్రమైన చోట. సెల్ఫ్ నొక్కనప్పుడు సున్నా. నొక్కగానే 8.6 వోల్టులు. ఈ దారి బాగుంటే 0.2 దాటకూడదు. 

అబ్బాయి మీటర్ చూసి, “సెల్ఫ్‌కి మిగిలింది మూడేనా?” అన్నాడు. సరిగ్గా లెక్క కట్టాడు. పాజిటివ్ వైపు కూడా కొలిచాం, బ్యాటరీ పాజిటివ్ పోస్టు నుంచి మోటారు టెర్మినల్ దాకా, మధ్యలో రిలేతో కలిపి, 0.4. మొత్తం 12.1లో 8.6 ఎర్త్ దారిలో, 0.4 పాజిటివ్ దారిలో పోతే, మోటారుకు దక్కేది 3.1. దానితో ఏ ఇంజనూ తిరగదు. రిలే కాయిల్‌కు మాత్రం చాలా కొంచెం కరెంటు చాలు కాబట్టి అది ‘టక్’మంటోంది.

ఇక ఆ 8.6 కచ్చితంగా ఎక్కడుందో ముక్కలు చేసి చూడాలి. పోస్టుకూ దాని మీది క్లిప్పుకూ మధ్య 0.02. క్లిప్పు నుంచి అవతలి కొసన ఉన్న రింగు దాకా 8.5. రింగు నుంచి ఇంజన్ బాడీకి 0.08. ఇంతే. బోల్టు బాగుంది, పోస్టు బాగుంది. జబ్బు వైరులోనే ఉంది. ఇంజన్ వైపు రింగు దగ్గర వైరును చేత్తో కాస్త వంచి పట్టుకుంటే సెల్ఫ్ ఒక్కసారి బద్ధకంగా తిరిగింది. ఒకరోజు పట్టడం, ఒకరోజు పట్టకపోవడం వెనక ఉన్నది ఇదే.

సెల్ఫ్‌ను ఇలా నొక్కేటప్పుడు మూడు నాలుగు సెకన్లకు మించి పట్టి ఉంచొద్దు. మోటారు తిరగకుండా కరెంటు పారుతుంటే కాయిలూ వైరూ వేడెక్కుతాయి. మధ్యలో కాసేపు విరామం ఇవ్వాలి.

కోసే ముందు ఇంకో రుజువు తీసుకున్నాం. మీటర్ లేనివాళ్ళకు కూడా పనికొచ్చే రుజువు ఇది. లావు జంపర్ కేబుల్ ఒకదాన్ని బ్యాటరీ నెగెటివ్ నుంచి నేరుగా ఇంజన్ బాడీకి తగిలించాం, పాత వైరును అలాగే ఉంచి. సెల్ఫ్ నొక్కగానే ఇంజన్ గిర్రున తిరిగి స్టార్ట్ అయింది. ఇంటి వైరింగ్‌లో వాడే సన్నటి వైరుతో ఇది చేయకండి, అది కాలిపోతుంది. కేబుల్ కొసను పెట్రోల్ పైపుకు దూరంగా, ఇంజన్ మీదే పట్టించాలి.

చార్జింగ్ ఎలా దెబ్బతింది

సెల్ఫ్ సంగతి తేలింది. బ్యాటరీలు ఎందుకు నీరసపడ్డాయో కూడా చూడకపోతే ఆయనకు నమ్మకం కుదరదు. జంపర్ తీసేసి, కిక్‌తో స్టార్ట్ చేసి, ఇంజన్‌ను సుమారు 4,000 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచాం. ఆర్‌ఆర్ యూనిట్ కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) వెనక నుంచి దాని పాజిటివ్‌కూ దాని సొంత ఎర్త్‌కూ మధ్య కొలిస్తే 14.3 వోల్టులు. చక్కగా ఉంది. అదే సమయంలో బ్యాటరీ టెర్మినళ్ళ మీద 13.35 మాత్రమే. మధ్యలో దాదాపు ఒక వోల్టు మాయమైంది. అందులో 0.75 మళ్ళీ ఆ ఎర్త్ వైరులోనే.

రెగ్యులేటర్ తన సొంత పిన్నుల దగ్గర ఉన్న వోల్టేజీని చూసుకుని, 14.3 రాగానే ఇక చాలని ఆపేస్తుంది. బ్యాటరీ దగ్గరకు ఎంత చేరిందో దానికి తెలియదు. కాబట్టి కొత్త యూనిట్ వేసినా అదే జరిగింది. పాత యూనిట్ కూడా బాగానే ఉండి ఉండొచ్చు.

దూర ప్రయాణాలు చేసే బండి అయితే ఇంత నష్టం జరగదు. బ్యాటరీ నిండుతున్నకొద్దీ అది తీసుకునే కరెంటు తగ్గుతుంది, వైరులో పోయే వోల్టేజీ కూడా తగ్గుతుంది, ఆలస్యంగానైనా నిండుతుంది. ఈయన బండి తిరిగేది రెండు మూడు కిలోమీటర్లే. నిండేలోపే ఆపేస్తారు, మళ్ళీ సెల్ఫ్ నొక్కుతారు. ఇలా ఎప్పుడూ సగం కడుపుతో ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీలో ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడుతుంది. ఆ గట్టిపడ్డది తర్వాత చార్జ్ పెట్టినా పూర్తిగా కరగదు. మొదటి బ్యాటరీ పోయింది బహుశా అలాగే.

ఐడిల్‌లో లైటు మసకబారడం కూడా ఇదే లెక్క. ఐడిల్‌లో మ్యాగ్నెట్ ఇచ్చేది చాలదు, తక్కువపడింది బ్యాటరీ ఇవ్వాలి. హెడ్‌లైట్, టెయిల్ ల్యాంప్, హారన్ కలిపి ఐదారు ఆంపియర్లు అనుకుంటే, పావు ఓమ్ గుండా ఒకటిన్నర వోల్టు దాకా పోతుంది. రేస్ ఇస్తే ఆర్‌ఆర్ యూనిట్ నుంచే నేరుగా అందుతుంది, బ్యాటరీ వైరుతో పనిలేదు, అందుకే లైటు బాగవుతుంది.

మ్యాగ్నెట్ కాయిల్‌ను కూడా చూసి పక్కన పెట్టాం. మూడు పసుపు వైర్లలో ఏ రెండిటి మధ్య చూసినా ఒకే రీడింగ్, ఏ ఒక్కటీ ఇంజన్ బాడీకి తగలడం లేదు. కప్లర్ విప్పి, ఇంజన్ నడుస్తుండగా ఏసీలో చూస్తే మూడు జతలూ సమానంగా ఉన్నాయి. ఏ జతైనా మిగతావాటి కంటే బాగా తక్కువ చూపిస్తే కాయిల్ మీద అనుమానపడాలి. ఒక హెచ్చరిక: చార్జింగ్ ఉందో లేదో చూడటానికి నడుస్తున్న ఇంజన్ మీద బ్యాటరీ టెర్మినల్ ఊడదీసే అలవాటు కొందరికి ఉంది. దయచేసి అది చేయకండి. బ్యాటరీ ఆధారం పోగానే వోల్టేజీ ఎగసి బల్బులు, సీడీఐ (స్పార్క్ ఇచ్చే యూనిట్), మీటర్ బోర్డు, ఏదైనా పోవచ్చు.

వైరు లోపల

నెగెటివ్ వైరు విప్పి, ఇంజన్ వైపు లగ్గు (వైరు కొసకు నొక్కిన రింగు ముక్క) దగ్గర పైతొడుగు కోశాం. రింగు దగ్గర పైకి అంతా బాగానే ఉంది, బోల్టు కూడా గట్టిగా ఉంది. లోపల మాత్రం రాగి పోగులు ఆకుపచ్చటి చిలుము పట్టి, లగ్గు నొక్కిన చోట చాలా వరకు పొడిపొడిగా రాలిపోయాయి. మిగిలిన పోగులు నల్లగా మారి ఉన్నాయి. ఎక్కడో మెరిసే రాగి కనిపిస్తుందని తొడుగును ఇంకా వెనక్కు కోస్తూ పోయాం. కొసకు చాలా దూరం దాకా నలుపే.

ఉప్పునీరు చేసే పని ఇది. లగ్గు దగ్గర తొడుగు తెరిచి ఉంటుంది. అక్కడ పడిన నీళ్ళను సన్నటి పోగుల మధ్య సందులు లోపలికి పీల్చుకుంటాయి. నీళ్ళు ఆరినా ఉప్పు లోపలే ఉంటుంది, గాలిలో తేమ తగలగానే మళ్ళీ తడి అవుతుంది. అందులోని క్లోరైడ్ రాగిని తింటూనే ఉంటుంది. కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్ర తీరపు ఊళ్ళ బళ్ళలోనూ ఇదే చూస్తుంటాం, కాకపోతే నిదానంగా జరుగుతుంది. చెరువు నీళ్ళతో కడిగే బండికి అంత వ్యవధి దొరకదు.

నల్లబడిన వైరుకు కొస కోసి కొత్త లగ్గు వేయడం దండగ. ఎమరీ పేపర్‌తో ఎంత రుద్దినా పైపోగులే శుభ్రపడతాయి. వైరు మొత్తం మార్చాం. పాతదానికంటే కొంచెం లావు ఉన్న మెత్తటి రాగి కేబుల్, రెండు కొసలకూ టిన్ పూత ఉన్న లగ్గులు, సరైన నొక్కుడు పనిముట్టుతో నొక్కి, మీద లోపల జిగురున్న, వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ ట్యూబు. ఆ జిగురు కరిగి లగ్గు నోరు మూసేస్తుంది, నీళ్ళు లోపలికి పోవు. టంకం పెట్టమని చాలామంది అంటారు. సన్నటి వైర్లకు పర్వాలేదు. సెల్ఫ్ కేబుల్‌కు టంకం పెడితే పోగుల్లోకి పాకి అంతమేర వైరు కడ్డీలా బిరుసెక్కుతుంది, ఆ బిరుసు ఆగిన చోట ఇంజన్ అదురుకు పోగులు తెగుతాయి. గట్టిగా నొక్కిన లగ్గే మేలు. బోల్టు కింద చోటును మెరిసేదాకా గీకి, రెండు రింగులనూ బిగించి, బిగించిన తర్వాత పైన పెట్రోలియం జెల్లీ పూశాం.

వైరింగ్ కిట్ మార్చి ఉంటే ఏమయ్యేది? ఈ బండిలో ఆ నల్ల కేబుల్ కిట్‌లో భాగం కాదు, విడిగా వస్తుంది. కిట్ డబ్బు ఖర్చయ్యేది, ట్యాంకు, సీటు, హెడ్‌లైట్ అన్నీ విప్పి బిగించేవాళ్ళు, ‘టక్’ అలాగే ఉండేది.

కొత్త కేబుల్‌తో రీడింగులు: సెల్ఫ్ నొక్కినప్పుడు నెగెటివ్ పోస్టు నుంచి ఇంజన్‌కు 0.15. బ్యాటరీ మీద 10.6. ఇది చూసి పెద్దాయన కంగారు పడ్డారు. “ఇందాక పన్నెండు చూపించింది కదా, ఇప్పుడు తగ్గిందేంటి అబ్బాయ్?” తగ్గడమే మంచిది బాబాయ్ అని చెప్పాను. ఇప్పుడు మోటారుకు కావలసినంత కరెంటు నిజంగా బ్యాటరీ నుంచి వెళ్తోంది కాబట్టి ఆ మాత్రం తగ్గుతుంది. 9.6 పైన ఉంటే దిగులు లేదు. చార్జింగ్‌లో బ్యాటరీ మీద 14.1 వచ్చింది.

మిగిలిపోయిన చిన్న దొంగ

పని అయిపోయిందని సామాను సర్దేసే ముందు లీకేజీ కూడా చూడాలి. రాత్రంతా ఊరికే ఉన్నప్పుడు బ్యాటరీ నుంచి ఎంత పోతోందన్నది వేరే ప్రశ్న, దానికి వేరే టెస్టు. కీ ఆఫ్ చేసి, నెగెటివ్ కేబుల్ విప్పి, మీటర్‌ను 10 ఆంపియర్ల సాకెట్‌లోకి మార్చి, పోస్టుకూ కేబుల్‌కూ మధ్య మీటర్ పెట్టాం. మీటర్ ఇలా ఉన్నప్పుడు పొరపాటున కూడా సెల్ఫ్ నొక్కకూడదు, కీ ఆన్ చేయకూడదు.

34 మిల్లీ ఆంపియర్లు చూపించింది. అలారం లాంటివి లేని పాత బండిలో ఇది సున్నాకు దగ్గరగా ఉండాలి. హ్యాండిల్ దగ్గర తర్వాత పెట్టించుకున్న మొబైల్ చార్జర్ సాకెట్ ఉంది, దానిలో చిన్న నీలం లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. దాని వైరు ఊడదీయగానే రీడింగ్ సున్నాకు పడిపోయింది. 34 మిల్లీ ఆంపియర్లు రోజంతా పోతే 0.8 ఆంపియర్ అవర్లు. 9 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఐదారు రోజుల్లో సగం ఖాళీ. రోజూ తిరిగే బండికి ఇది పెద్దగా తెలియదు. రొయ్యల పట్టుబడి అయ్యాక కొన్నాళ్ళు బండి ఇంట్లోనే నిలబడితే అప్పుడు తెలుస్తుంది.

నాకు ఆ లీకేజీ కంటే భయం వేసింది ఇంకోటి చూసి. ఆ చార్జర్ వైరు బ్యాటరీ నుంచి నేరుగా, ఫ్యూజ్ లేకుండా, ట్యాంకు కింద నుంచి వెళ్తోంది. అదురుకు తొడుగు అరిగి ఫ్రేముకు తగిలితే ఆపేది ఏదీ లేదు. వైరు ఎర్రగా కాలేంత కరెంటు ఈ చిన్న బ్యాటరీయే ఇవ్వగలదు, పైన పెట్రోల్ ట్యాంకు. దాన్ని కీ ఆన్ చేస్తేనే కరెంటు వచ్చే లైనుకు మార్చి, మొదట్లోనే 3 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టాం. మీ బండికి తర్వాత తగిలించిన ఫాగ్ ల్యాంపులు, చార్జర్లు, రెండో హారన్ ఏమున్నా ఈ రెండు సంగతులు ఇవాళే చూసుకోండి: కీ ఆఫ్ చేస్తే ఆగుతున్నాయా, బ్యాటరీ దగ్గర ఫ్యూజ్ ఉందా. ఫ్యూజ్ పోతే సిగరెట్ పెట్టె రేకు చుట్టడం, రాగి పోగు పెట్టడం మాత్రం వద్దు. 

తర్వాత

వానాకాలం వెళ్ళాక ఆ బండిని మళ్ళీ చూశాను. సెల్ఫ్ నొక్కినప్పుడు ఎర్త్ డ్రాప్ 0.18, అంటే కేబుల్ బాగుంది. ఉదయం పూట బ్యాటరీ 12.7. బండిని ఇప్పుడు ఇంటి దగ్గర బోరు నీళ్ళతో కడుగుతున్నారు. 

ఆ రోజు కొత్తగా కనిపించింది ఒకటి. రాత్రి బ్రేక్ తొక్కితే వెనక ఇండికేటర్లు కూడా సన్నగా వెలుగుతున్నాయి. ఇది చాలా బళ్ళలో కనిపించే గుర్తు. వెనక లైట్ల ఉమ్మడి ఎర్త్ తెగితే బ్రేక్ బల్బు కరెంటు వెళ్ళే దారి లేక పక్క బల్బుల గుండా తిరిగి పోతుంది. ఎర్త్ వైరు రంగు కంపెనీని బట్టి మారుతుంది. హోండా పద్ధతి బళ్ళలో ఆకుపచ్చ, యమహాలో నలుపు, బజాజ్‌లో నలుపు మీద పసుపు గీత. బ్రేక్ తొక్కి పట్టుకుని టెయిల్ ల్యాంప్ ఎర్త్‌కూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య కొలవమని మీటర్ అబ్బాయి చేతికే ఇచ్చాను. 3 వోల్టులు దాటి చూపించింది. మడ్‌గార్డ్ కింద ఉన్న కప్లర్ విప్పితే ఎర్త్ పిన్ను చిలుము పట్టి పచ్చగా ఉంది. పిన్ను మార్చి, కప్లర్‌ను మడ్‌గార్డ్ నీళ్ళు చిమ్మని చోటుకు, సీటు కిందకు జరిపి కట్టాం.